అల్యూమినియం ఫ్రేముకు ఏ బోల్టు? మేడ మీది సోలార్‌కు లోహాల ఎంపిక

మేడ మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించుకునేవారు ఎక్కువగా అడిగేవి మూడే ప్రశ్నలు: ప్యానెల్ ఏ కంపెనీది, ఇన్వర్టర్ ఏ కంపెనీది, రాయితీ ఎంత వస్తుంది. రాయితీ సంగతి తేలికే. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78 వేల రూపాయలు. ప్యానెల్‌కు 25 ఏళ్ల వారంటీ కాగితం కూడా చేతిలో పెడతారు. ఆ ప్యానెల్‌ను అన్నేళ్లూ పట్టి ఉంచాల్సిన బోల్టు దేనితో చేసిందో మాత్రం కొటేషన్‌లో కనపడదు. మహా అయితే ‘స్టాండర్డ్ నట్లు, బోల్టులు’ అని ఒక ముక్క ఉంటుంది. హైదరాబాదులోనో అనంతపురంలోనో అయితే ఆ ముక్కతో సరిపెట్టుకోవచ్చు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు తీరాల్లో ఉండేవారు సరిపెట్టుకోకూడదు.

ప్యానెల్ ఫ్రేము దాదాపు ఎవరు చేసినా అల్యూమినియందే. దాన్ని మోసే నిర్మాణం సాధారణంగా జింకు పూసిన ఇనుము. బిగించే బోల్టు స్టెయిన్‌లెస్ స్టీలో, జింకు పూతదో. ఎర్తింగ్ తీగ చాలాచోట్ల రాగిది. అంటే ఒక్క మేడ మీద నాలుగైదు లోహాలు ఒకదాన్నొకటి తాకుతూ, ఎండకూ వానకూ పడి ఉంటాయి. ఏది దేన్ని తినేస్తుందో తెలిస్తే ఎంపిక సులువు.

తినేది ఎవరు, కరిగేది ఎవరు

రెండు వేర్వేరు లోహాలు తాకుతున్న చోట తడి చేరితే అది చిన్న బ్యాటరీ అవుతుంది. ఒక లోహం ఎలక్ట్రాన్లు వదులుతూ కరిగిపోతుంది, దాని పుణ్యాన రెండోది నిక్షేపంగా ఉంటుంది. దీన్నే గాల్వానిక్ తుప్పు అంటారు. ఇది జరగాలంటే లోహాలు వేర్వేరు రకాలవై ఉండాలి, అవి తాకాలి, రెంటినీ కలుపుతూ తడి ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పించినా తుప్పు ఆగుతుంది.

తీరానికీ లోపలి జిల్లాలకూ తేడా ఈ మూడో షరతు దగ్గరే. శుభ్రమైన వాన నీరు విద్యుత్తును అంతగా మోయదు, పైగా ఎండ రాగానే ఆరిపోతుంది. ఉప్పు అలా కాదు. గాలిలో తేమ 75 శాతం చేరితే చాలు, ఉప్పు తనంతట తానే నీరు పీల్చుకుని తడిసిపోతుంది. వాన చుక్క పడకపోయినా సముద్రతీరంలో రాత్రంతా ఆ బ్యాటరీ నడుస్తూనే ఉంటుంది. ప్యానెల్ పైభాగాన్ని వాన కడుగుతుంది కాబట్టి అక్కడ ఉప్పు నిలవదు. అడుగున వాన తగలదు, ఉప్పు పేరుకుంటుంది. బోల్టులు ఎక్కువగా ఉండేది అక్కడే.

ఏ లోహం కరుగుతుందో చెప్పడానికి కొందరు పదో తరగతి చర్యాశీలత శ్రేణిని పట్టుకుంటారు. ఇక్కడ దాన్ని నమ్ముకోలేం. ఆ శ్రేణిలో అల్యూమినియం జింకు కన్నా పైన ఉంటుంది, అంటే ముందు అదే కరగాలి. కానీ అల్యూమినియం మీద దానికదే ఏర్పడే ఆక్సైడు పొర దాన్ని కాపాడుతుంది, అందుకే ఉప్పునీటిలో జింకే ముందు కరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో ఎక్కువ భాగం ఇనుమే అయినా, క్రోమియం వల్ల పట్టే పొర పుణ్యాన అది రాగిని కూడా దాటి కూర్చుంటుంది. ఉప్పునీటిలో కొలిచిన వరుస సుమారుగా ఇది: జింకు మైనస్ 1.0 వోల్టు, అల్యూమినియం మిశ్రమాలు మైనస్ 0.8 దగ్గర, మామూలు ఉక్కు మైనస్ 0.6, రాగి మైనస్ 0.35, 316 రకం స్టెయిన్‌లెస్ మైనస్ 0.05. ఏ రెంటిని కలిపినా, ఇందులో ముందున్నది కరుగుతుంది.

ఉప్పుగాలి తగిలే చోట ఈ తేడా 0.15 వోల్టు దాటకూడదన్నది ఇంజినీర్లు వాడే ఒక మోటు లెక్క. దాని ప్రకారం అల్యూమినియంకూ స్టెయిన్‌లెస్‌కూ అసలు పొత్తు కుదరకూడదు, తేడా ముప్పావు వోల్టు. అయినా ప్రపంచమంతటా సోలార్ ఫ్రేములకు స్టెయిన్‌లెస్ బోల్టులే వాడుతున్నారు, అవి బాగానే నిలుస్తున్నాయి. వోల్టుల పట్టిక ఎవరు కరుగుతారో చెబుతుంది కానీ ఎంత త్వరగా కరుగుతారో చెప్పదు. వేగాన్ని నిర్ణయించేది వైశాల్యం. కరిగే లోహం పెద్దదై, కరిగించేది చిన్నదైతే నష్టం అంత మేరా పరుచుకుని నామమాత్రంగా మిగులుతుంది. పెద్ద అల్యూమినియం పట్టీలో చిన్న స్టెయిన్‌లెస్ బోల్టు అలాంటిదే. అదే తిరగేసి, పెద్ద స్టెయిన్‌లెస్ పలకను అల్యూమినియం రివెట్లతో బిగిస్తే ఆ రివెట్లకు నూకలు చెల్లినట్టే.

ఈ పాఠం బ్రిటిష్ నౌకాదళం రెండున్నర శతాబ్దాల కిందటే నేర్చుకుంది. 1761లో హెచ్‌ఎంఎస్ అలార్మ్ అనే యుద్ధనౌక అడుగు చెక్కకు పురుగు పట్టకుండా రాగి రేకులు తొడిగారు, వాటిని ఇనుప మేకులతో కొట్టారు. 1763లో ఓడను పరీక్షిస్తే చాలాచోట్ల మేకులు కుళ్లి రేకులు ఊడిపోయి ఉన్నాయి. పెద్ద రాగి, చిన్న ఇనుము, మధ్యలో సముద్రం: ఇంతకన్నా చెడ్డ జోడీ ఉండదు. కొన్ని మేకులు మాత్రం అంతగా చెడలేదు. రాగి రేకులు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితాన్ని తీయకుండానే కొట్టేయడంతో ఆ ముక్కలు మేకు తల కింద ఇరుక్కుని రెండు లోహాలనూ విడదీశాయి.

బోల్టులు: నాలుగు రకాలు

ఎలక్ట్రోప్లేటింగ్ చేసిన జింకు బోల్టు అన్నిటికన్నా చవక. కొత్తలో నీలంగానో పసుపుగానో మెరుస్తూ ముద్దుగా ఉంటుంది. దాని మీది పూత 5 నుంచి 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). తీరంలో దీన్ని ప్యానెల్‌ను పట్టి ఉంచే అల్యూమినియం క్లాంపులో బిగిస్తే ఏం జరుగుతుందో వరుసగా చూడండి. ముందు మెరుపు పోయి తెల్లటి పొడి కడుతుంది. అది జింకు కరుగుతున్న ఆనవాలు. ఇక్కడ కరిగేది చిన్నది, పక్కనున్న అల్యూమినియం పెద్దది, కాబట్టి పూత ఎక్కువ కాలం నిలవదు. ఆ తర్వాత ఎర్రటి చార దిగుతుంది, అంటే ఉక్కు బయటపడింది. అక్కడితో పాత్రలు తారుమారవుతాయి. ఉక్కు పక్కన ఇప్పుడు కరిగేది అల్యూమినియం. బోల్టు చుట్టూ ఫ్రేము ఉబ్బి, గోటితో గీకితే రాలే తెల్ల ముద్ద తేలుతుంది. బోల్టును మార్చుకోవచ్చు, ప్యానెల్ ఫ్రేమును మార్చుకోలేము. తీరంలో ఈ బోల్టును ఏ ధరకిచ్చినా వద్దనండి.

హాట్ డిప్ బోల్టు అంటే కరిగిన జింకులో ముంచి తీసినది. మెరుపు ఉండదు, బూడిదరంగులో గరుకుగా ఉంటుంది. పూత ప్లేటింగ్ కన్నా చాలా మందం. నిర్మాణం కూడా హాట్ డిప్‌దే అయితే జింకుకు జింకు జోడీ, తగవే లేదు. కాళ్లు, అడ్డ కమ్మీలు కలిపే పెద్ద బోల్టులకు నా ఓటు దీనికే. చిక్కు ఒక్కటే: పూత మందం వల్ల దీని మరలకు కాస్త వదులుగా చేసిన నట్టే పడుతుంది. పనివాళ్ల దగ్గర ఆ నట్లు అయిపోతే మామూలు నట్టును బలవంతంగా ఎక్కించి మరల మీది జింకును గీకేస్తారు. బోల్టు, నట్టు, వాషర్ మూడూ ఒకే రకంగా, ఒకే పెట్టెలోంచి రావాలి.

ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) 304 లో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. బోల్టు తల మీద ఏ2 అని అచ్చు ఉంటుంది. ప్యానెల్ క్లాంపులకు లోపలి జిల్లాల్లో ఇది చాలు, ఇంకేదీ అక్కర్లేదు. సముద్రం దగ్గర దీని మీద టీ డికాషన్ రంగు మరకలు వస్తాయి. చాలావరకు అవి పైపైవే, కానీ వాషర్ కింద, మరల సందుల్లో చిన్న గుంటలు పడే ప్రమాదం ఉంది. ఎస్‌ఎస్ 316 లో అదనంగా 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుకు నిలబడేది దాని వల్లే. దీని తల మీద ఏ4 అని ఉంటుంది. ధర ఎక్కువే. అయితే 3 కిలోవాట్లకు కావలసింది ఆరేడు ప్యానెళ్లు, వాటికి పట్టే క్లాంపు బోల్టులన్నీ కలిపినా మొత్తం బిల్లులో ఆ తేడా పెద్దగా కనిపించదు. ఇన్వర్టర్ దగ్గర బేరమాడండి, ఇక్కడ వద్దు.

ఒక హెచ్చరిక. బజారులో ఎస్‌ఎస్ పేరుతో 200 శ్రేణి సరుకు కూడా బాగా అమ్ముతారు. గేట్లకు, మెట్ల రెయిలింగులకు వాడే 202 ఈ రకమే. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపి చవక చేస్తారు. తీరంలో ఇది త్వరగా తుప్పెక్కుతుంది. అయస్కాంతం అతుక్కోకపోతే మంచి స్టీలే అని చాలామంది నమ్మకం, కానీ 202 కు కూడా అయస్కాంతం పట్టదు. పైగా అసలైన 304 బోల్టు కూడా చల్లగా కొట్టి చేసినందువల్ల కొద్దిగా అయస్కాంతానికి లాగవచ్చు. అయస్కాంతాన్ని పక్కన పెట్టి తల మీది అచ్చు చూడండి. ఏ అచ్చూ లేని బోల్టును అనుమానించండి.

స్టెయిన్‌లెస్ బోల్టుకు స్టెయిన్‌లెస్ నట్టును మెషీనుతో జోరుగా తిప్పితే మరలు వేడెక్కి ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఆ తర్వాత బిగుసుకోదు, ఊడిరాదు, కోసేయాల్సిందే. మరలకు కాస్త గ్రీజు రాసి చేత్తో నెమ్మదిగా బిగించమనండి. ఆ గ్రీజులో గ్రాఫైటు ఉండకూడదు. గ్రాఫైటు ఈ వరుసలో స్టెయిన్‌లెస్‌ను కూడా దాటినది, అల్యూమినియం పక్కన దాన్ని పెట్టడం కోరి తెచ్చుకున్న కష్టం.

నిర్మాణానికి ఏది

ఇక్కడ ప్రధానమైన పోటీ హాట్ డిప్ చేసిన ఉక్కుకూ అల్యూమినియం రెయిళ్లకూ (ప్యానెళ్లను మోసే పొడవాటి పట్టీలకు) మధ్య. ఉక్కుకు రంగు వేసి పెట్టేది మూడో రకం. గీత పడ్డ చోట మొదలై రంగు కిందుగా పాకే తుప్పును ఎవరూ ఏటేటా మేడ ఎక్కి దిద్దరు కాబట్టి దాన్ని పరిగణనలోకే తీసుకోను.

హాట్ డిప్ నిర్మాణానికి 80 మైక్రాన్ల జింకు అడగండి. ఎందుకంత అంటే లెక్క ఉంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9223 వాతావరణాలను తరగతులుగా విడదీసింది. మధ్యస్థమైన సి3 లో జింకు ఏడాదికి 0.7 నుంచి 2.1 మైక్రాన్లు కరుగుతుంది. ఉప్పు బాగా తగిలే సి5 లో 4.2 నుంచి 8.4 మైక్రాన్లు. అంటే 80 మైక్రాన్ల పూత సి3 లో 38 ఏళ్లకు తక్కువ కాకుండా వస్తుంది. సి5 లో 10 నుంచి 19 ఏళ్లకు అయిపోతుంది. అలలు కనపడేంత దగ్గర ఇల్లు కట్టుకున్నవారికి 25 ఏళ్ల ప్యానెల్ కింద ఈ ఇనుము మధ్యలోనే చేతులెత్తేస్తుందన్నమాట.

దీనికే తమ్ముడిలా కనిపించే ఇంకో సరుకుంది: ముందే జింకు పూసిన రేకును వంచి చేసిన జీపీ నిర్మాణం. రేకు మీద చదరపు మీటరుకు 275 గ్రాములని గొప్పగా రాస్తారు. అది రెండు వైపులా కలిపిన లెక్క, ఒక్కో వైపుకు వచ్చేది సుమారు 20 మైక్రాన్లే. పైగా కోసిన అంచులు, తొలిచిన రంధ్రాలు బట్టబయలు. రెండు కొటేషన్లలోనూ ‘జీఐ స్ట్రక్చర్’ (జీఐ అంటే జింకు పూసిన ఇనుము) అని ఒకే మాట ఉండి ధరలో పెద్ద తేడా ఉంటే కారణం చాలాసార్లు ఇదే. పూత ఎన్ని మైక్రాన్లో, తయారీకి ముందు పూసిందో తర్వాత ముంచిందో రాతలో అడగండి. పూత మందం కొలిచే చిన్న మీటరు ఉంటుంది, సరుకు దిగిన రోజే మీ ఎదుట కొలిపించుకోండి.

అల్యూమినియం రెయిళ్లు, ముఖ్యంగా అనోడైజింగ్ చేసినవి (విద్యుత్తుతో ఆక్సైడు పొరను మందం చేసినవి), సముద్రతీరానికి అన్నిటికన్నా అనువైనవి. ఫ్రేమూ రెయిలూ ఒకే లోహం, మధ్యలో 316 బోల్టు. ఖర్చు ఎక్కువ, ఉక్కంత బిరుసు ఉండదు కాబట్టి ఎత్తయిన నిర్మాణాలకు పనికిరాదు. వాషింగ్ మెషీన్ పెట్టుకోవడానికో, బట్టలు ఆరేసుకోవడానికో ప్యానెళ్లను రెండున్నర మీటర్ల పైకి లేపించుకోవడం మనవైపు మామూలే. అలాంటప్పుడు, తుపాను గాలులు కూడా తగిలే తీరంలో, కింద ఉక్కు స్తంభాలు తప్పవు. అప్పుడు ఉక్కు కాళ్లు, పైన అల్యూమినియం రెయిళ్లు అనే మిశ్రమం మంచిది. అవి కలిసే చోట జింకు, అల్యూమినియంల మధ్య తేడా తక్కువే, కానీ జింకు అయిపోయాక ఉక్కు అల్యూమినియాన్ని పట్టుకుంటుంది. అందుకని మధ్యలో ఒక మెత్త వేయాలి. అల్యూమినియం కాలును నేరుగా కాంక్రీటులో పాతవద్దు. అక్కడ గాల్వానిక్ గొడవ లేకపోయినా తడి సిమెంటులోని క్షారం దాన్ని తినేస్తుంది.

మెత్తలు, రంగు

మెత్త అనగానే ఏదో ఒకటి పెట్టేస్తే సరిపోదు. న్యూయార్క్‌లోని స్వేచ్ఛా ప్రతిమ 1886 లో నిలబెట్టినది. రాగి తొడుగు, లోపల ఇనుప పట్టీల పంజరం. రెండూ తాకకూడదని అప్పట్లోనే తెలిసి మధ్యలో ఆస్‌బెస్టాస్ పెట్టారు. అది కాలక్రమంలో తేమ పీల్చి పట్టి ఉంచడం మొదలుపెట్టింది. ఇనుము తుప్పెక్కి ఉబ్బి, రాగికి కొట్టిన రివెట్లను లాగి ఊడదీసింది. 1984 నుంచి 1986 వరకు జరిగిన మరమ్మతులో ఇనుప పట్టీలు తీసి 316 తరగతి స్టెయిన్‌లెస్‌తో చేసినవి వేశారు, మధ్యలో టెఫ్లాన్ పెట్టారు. నీళ్లు పీల్చే మెత్త కన్నా మెత్త లేకపోవడం నయం. కాబట్టి గోనె, ఫెల్టు ముక్కలు వద్దు. నైలాన్ లేదా ఈపీడీఎం రబ్బరు వాడండి, అదీ ఎండకు చిట్లని రకం.

రంగు విషయంలో చాలామంది చేసేది సరిగ్గా తలకిందులు. తుప్పు పట్టే లోహానికే రంగు వేస్తారు. ఆ రంగులో ఎక్కడో చిన్న గీత పడితే బ్యాటరీ శక్తంతా ఆ గీత మీదే పడి లోపలికి తొలిచేస్తుంది. రెంటిలో ఒక్కదానికే రంగు వేయగలిగితే కరిగించే లోహానికి వేయాలి, అంటే అల్యూమినియం వదిలి స్టెయిన్‌లెస్ బోల్టు తలకు. రెంటికీ వేస్తే ఇంకా మేలు.

ఎర్తింగ్ దగ్గర మెలిక

ఇంతవరకు లోహాలను విడదీయమన్నాను. ఎర్తింగ్‌కు వచ్చేసరికి అవి తప్పక తాకాలి. నైలాన్ వాషర్లతో అన్నీ విడదీసేసి ఫ్రేమును ఎర్త్ చేయకపోతే తుప్పు తప్పించుకుని షాకు తెచ్చుకున్నట్టు. ఉపాయం రెండు విధాలు. పళ్లున్న స్టెయిన్‌లెస్ వాషర్లు అనోడైజింగ్ పొరను గుచ్చి ఫ్రేమునూ రెయిలునూ కలుపుతాయి. ఆ పళ్లు గుచ్చుకున్న చోట ఒత్తిడికి గాలి, తడి దూరవు, స్టెయిన్‌లెస్ భాగం కూడా చిన్నది కాబట్టి ఫరవాలేదు. లేదంటే ప్రతి ఫ్రేముకూ విడిగా తీగ బిగించాలి.

ఆ తీగ రాగిదైతే జాగ్రత్త. వోల్టుల లెక్కలో రాగి స్టెయిన్‌లెస్ కన్నా అల్యూమినియంకు దగ్గరి బంధువే, చేసే చెరుపు మాత్రం ఎక్కువ. స్టెయిన్‌లెస్ మీది పొర ఆ చర్యను నెమ్మదింపజేస్తుంది, రాగికి అలాంటి మొహమాటం లేదు. అంతకన్నా ముఖ్యం, రాగి తాకనక్కర్లేదు కూడా. రాగి మీద నుంచి జారిన నీటి చుక్కల్లో కరిగిన రాగి ఉంటుంది. అది అల్యూమినియం మీదో జింకు మీదో పడి అక్కడే అతుక్కుని, పడిన ప్రతి చోటా ఒక బుల్లి బ్యాటరీ పెడుతుంది. రాగి పట్టీనో మెరుపు వాహకపు రాగి కడ్డీనో నిర్మాణం పై నుంచి కట్టిన ఇళ్లలో కింది జీఐ మీద చారలు చారలుగా జింకు పోయి ఉండటానికి కారణం ఇదే. రాగి ఎప్పుడూ కింద ఉండాలి, అల్యూమినియం పైన.

తీరంలో ఎర్తింగ్‌కు జీఐ పట్టీ వాడటం తేలికైన దారి. రాగి తీగే కావాలంటే ఫ్రేముకు తగిలే లగ్గు (తీగ కొసకు నొక్కి బిగించే తొడుగు) తగరం పూతది ఉండాలి. ఇత్తడి గిన్నెకు కళాయి వేసినట్టు, రాగికీ అల్యూమినియంకూ మధ్య తగరం మధ్యవర్తిగా నిలుస్తుంది. అల్యూమినియం కేబుల్‌ను రాగి బస్‌బార్‌కు (తీగలన్నీ కలిసే లోహపు పట్టీకి) కలిపే చోట బైమెటాలిక్ లగ్గు దొరుకుతుంది, ఒక కొస అల్యూమినియం, ఇంకో కొస రాగి. మామూలు రాగి లగ్గులో అల్యూమినియం తీగ దూర్చి నొక్కేస్తే కొన్నాళ్లకు అది వేడెక్కి కాలుతుంది.

మీ ఊరికి ఏది

సముద్రానికి కొన్ని వందల మీటర్ల లోపు: అనోడైజ్ చేసిన అల్యూమినియం రెయిళ్లు, 316 బోల్టులు, కలిసే చోట మెత్తలు. ప్యానెల్‌కు కూడా ఐఈసీ 61701 ఉప్పు పొగమంచు పరీక్ష పాసైన పత్రం అడగండి, తీరానికి ఎంత దూరం లోపు పెడితే వారంటీ చెల్లదో కంపెనీ కాగితంలో చదవండి. భీమవరం, కైకలూరు వైపు రొయ్యల చెరువు గట్టున పెట్టేవారు కూడా దీన్నే పాటించాలి. సముద్రం దూరమైనా ఏరేటర్లు ఎగజిమ్మే ఉప్పునీరు గట్టు మీదే ఉంటుంది.

తీర నగరమే కానీ సముద్రం నుంచి దూరంగా ఉంటే 80 మైక్రాన్ల హాట్ డిప్, నిర్మాణానికి హాట్ డిప్ బోల్టులు, క్లాంపులకు 316. విశాఖలో పరిశ్రమల పొగ తగిలే వాడలను ఉప్పు తక్కువున్నా ఈ వర్గంలోనే వేసుకోవాలి. రామగుండం, పటాన్‌చెరు లాంటి చోట్లకూ ఇదే మాట.

లోపలి జిల్లాల మామూలు ఊళ్లలో హాట్ డిప్ నిర్మాణం, 304 క్లాంపు బోల్టులు. 316 కు డబ్బు పెట్టడం దండగ.

ఇప్పటికే బిగించేసి ఉన్నవారు ముందుగా ప్యానెళ్ల అడుగున, సముద్రం వైపు అంచున ఉన్న బోల్టులు చూడండి. తెల్ల పొడి మాత్రమే ఉంటే ఆ బోల్టులు మార్చడానికి ఇదే అదను, ఫ్రేము ఇంకా బాగుంది. ఎర్ర చార వచ్చేసి ఉంటే ఈ వానాకాలం లోపే మార్చండి. ఒకేసారి అన్నీ విప్పకుండా ఒక్కో క్లాంపు చొప్పున మార్పిస్తే ప్యానెల్ కదలదు. ఎండాకాలంలో నెలకోసారి అడుగు భాగాన్ని మంచినీటితో కడిగితే ఉప్పు పోతుంది. తీరంలో చాలా బోర్లలో నీళ్లు ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగేకన్నా ఊరుకోవడమే మేలు.